కండరపు పోగుకు టైప్ పేరు పెట్టేముందు

కండరపు పోగుల్లో నెమ్మదిగా ముడుచుకునేవి టైప్ 1, వేగంగా ముడుచుకునేవి టైప్ 2; టైప్ 2లో మళ్లీ 2ఎ, 2ఎక్స్, 2బి రకాలు. ‘ఈ కండరంలో టైప్ 1 పోగులు 60 శాతం’ అని ఒక రిపోర్టులోనో పేపర్లోనో కనిపిస్తే మొదట వెతకాల్సింది పద్ధతి. ఏటీపేజ్ (కణపు ఇంధనమైన ఏటీపీని విడగొట్టే ఎంజైమ్) రంగు చూసి చెప్పారా, ఫలానా ప్రొటీన్‌కే అంటుకునే యాంటీబాడీతో చెప్పారా, ప్రొటీన్లను విడదీసే జెల్ మీద పట్టీలు చూశారా, లేక ఎస్‌డీహెచ్ (మైటోకాండ్రియాలోని ఒక ఎంజైమ్) రంగు ముదురుగా ఉందని అలా రాశారా? ఈ నాలుగూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు. మొదటి మూడూ పోగును ముడిచే ప్రొటీన్ అయిన మయోసిన్ గురించి మాట్లాడతాయి. నాలుగోది ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గురించి. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ఎర్ర కండరం అంటే నెమ్మది కండరం, నెమ్మది కండరం అంటే అలసిపోనిది’ అనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది.

రంగు సంగతి ముందు తేల్చుకుందాం. కోడి రొమ్ము ముక్క తెల్లగా, కాలి ముక్క ముదురుగా ఉండటానికి ముఖ్య కారణం ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఎర్రటి ప్రొటీన్ మయోగ్లోబిన్. దానికి రక్తకేశనాళికలు, మైటోకాండ్రియా తోడవుతాయి. 1870ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త రాన్వియే కుందేళ్ల మీద పనిచేసి, ఎర్ర కండరం నెమ్మదిగా, తెల్ల కండరం చురుగ్గా ముడుచుకుంటాయని చూపించాడు. అప్పటినుంచి రంగూ వేగమూ పాఠ్యపుస్తకాల్లో జంటగా తిరుగుతున్నాయి. కానీ వేగాన్ని నిర్ణయించేది మయోగ్లోబిన్ కాదు. మయోసిన్ ఏటీపీని ఎంత వేగంగా విడగొడుతుందో ఆ కండరం అంత వేగంగా కురచవుతుందని 1967లో మైకేల్ బరాని రకరకాల జంతువుల కండరాలతో నిరూపించాడు. ఇక ‘నెమ్మది పోగులోనే మైటోకాండ్రియా ఎక్కువ’ అన్న సూత్రం మనిషిలో చాలావరకు నిలుస్తుంది గానీ ఎలుకల జాతికి వెళ్లగానే తేలిపోతుంది. చిట్టెలుకలో 2ఎ పోగులు టైప్ 1 కన్నా ఎక్కువ ఆక్సీకరణ సామర్థ్యం చూపిస్తాయి. గట్టిగా శిక్షణ తీసుకున్న పరుగువీరుడి 2ఎ పోగుల్లోనూ, కూర్చుని పనిచేసే మనిషి టైప్ 1 పోగులకు సరితూగే ఎస్‌డీహెచ్ రంగు కనిపించవచ్చు.

అందుకే పేరు పెట్టేటప్పుడు మయోసిన్ హెవీ చెయిన్ (ఆ అణువులోని పెద్ద గొలుసు) ఒక్కదాన్నే ప్రమాణంగా తీసుకుని, మిగిలినవన్నీ విడి కొలతలుగా రాసుకోవడం మంచిది.

మయోసిన్ అణువులో ఆరు గొలుసులుంటాయి. రెండు హెవీ చెయిన్లు, నాలుగు లైట్ చెయిన్లు. హెవీ చెయిన్ ఒక్కొక్కటి సుమారు 1,940 అమైనో ఆమ్లాల పొడవు, 220 కిలోడాల్టన్ల దరిదాపు బరువు. 2ఎ, 2ఎక్స్ రకాల వరుసలు 90 శాతం పైగా ఒకేలా ఉంటాయి. అంత పోలిక ఉండీ వేగంలో తేడా ఎందుకంటే, మార్పులు హెవీ చెయిన్ తలలో కీలకమైన చోట్ల ఉన్నాయి. తల పక్కనున్న సన్నని తంతువులోని యాక్టిన్‌ను పట్టుకుని లాగాక, ఏడీపీ (ఏటీపీ విడిపోగా మిగిలేది) బయటికి పోతేగానీ కొత్త ఏటీపీ లోపలికి రాదు. కొత్త ఏటీపీ వస్తేగానీ పట్టు వదలదు. నెమ్మది మయోసిన్‌లో ఈ ఏడీపీ విడుదలే ఆలస్యం. తల ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కురచయ్యే వేగం తగ్గుతుంది, అదే సమయంలో ఒకే బలాన్ని నిలబెట్టడానికి ఖర్చయ్యే ఏటీపీ కూడా తగ్గుతుంది. గంటలకొద్దీ నిలబడి ఉండగలగడానికి పిక్కలోని సోలియస్ ఇలాంటి పోగులతో నిండి ఉండటం ఒక కారణం. మనిషి పోగులను విడదీసి కొలిస్తే భారం లేనప్పుడు కురచయ్యే వేగంలో టైప్ 1 కన్నా 2ఎ నాలుగైదు రెట్లు, 2ఎక్స్ తొమ్మిది పది రెట్లు ముందుంటాయి. అడ్డుకోత వైశాల్యానికి వచ్చే బలంలో మాత్రం అంత తేడా ఉండదు. పవర్‌లో కనిపించే భారీ అంతరం ఎక్కువగా వేగం నుంచి వచ్చిందే.

జన్యువుల లెక్కకొస్తే, టైప్ 1 హెవీ చెయిన్‌ను రాసేది 14వ క్రోమోజోమ్ మీది ఎంవైహెచ్7. గుండె జఠరికల్లోనూ ఇదే పనిచేస్తుంది. అందువల్ల ఈ జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో ఒకచోట హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ (గుండె గోడ మందమయ్యే జబ్బు), మరోచోట లేయింగ్ డిస్టల్ మయోపతీ (కాళ్లూ చేతుల చివరి కండరాలు బలహీనపడే జబ్బు) కనిపిస్తాయి. వేగపు రకాలు 17వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే బారులు తీరి ఉంటాయి: 2ఎకు ఎంవైహెచ్2, 2ఎక్స్‌కు ఎంవైహెచ్1, 2బికి ఎంవైహెచ్4, పిండదశకు ఎంవైహెచ్3, పుట్టుక దగ్గరి దశకు ఎంవైహెచ్8, కంటిగుడ్డును తిప్పే కండరాలకు ఎంవైహెచ్13. దవడ కండరాల ఎంవైహెచ్16 మిగతా ప్రైమేట్లలో పనిచేస్తుంది, మనిషిలో చెడిపోయి మూగబోయింది. పెద్దవాళ్ల బయాప్సీలో పిండదశ మయోసిన్ చిన్న చిన్న పోగుల్లో కనిపిస్తే అక్కడ పునరుత్పత్తి జరుగుతోందన్నమాట. పాథాలజీలో ఇది చాలా పనికొచ్చే గుర్తు.

2బి దగ్గర పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకేలా బోల్తాపడతారు. మనిషిలో ఎంవైహెచ్4 జన్యువు ఉంది గానీ కాళ్లూ చేతుల కండరాల్లో ఆ ప్రొటీన్ తయారవదు. 1970, 80ల పేపర్లలో మనిషి ‘2బి’ అని రాసినవన్నీ ఏటీపేజ్ రంగును బట్టి పెట్టిన పేర్లు. 1989లో స్కియాఫినో బృందం ఎలుకలో 2ఎక్స్‌ను యాంటీబాడీలతో వేరుచేసి చూపించాక, 1994లో మనిషి ‘2బి’ పోగుల్లో ఉన్నది నిజానికి 2ఎక్స్ అని తేలింది. కాబట్టి పాత పేపర్లో మనిషి 2బి కనిపిస్తే 2ఎక్స్ అని చదువుకోండి. ఎలుక పేపరైతే 2బి అంటే 2బియే కావచ్చు, రెండూ కలిసిపోయి ఉండనూ వచ్చు.

మయోసిన్ తర్వాత మిగతా పరివారం. కాల్షియం అందితేనే పోగును ముడుచుకోనిచ్చే ట్రోపోనిన్ మూడు ముక్కలకూ నెమ్మది, వేగపు రూపాలు వేరువేరుగా ఉన్నాయి. వీటిలో ట్రోపోనిన్ సి తేడా అన్నిటికన్నా అందమైనది. వేగపు రూపంలో నియంత్రణ చేసే కాల్షియం స్థానాలు రెండు, నెమ్మది రూపంలో పనిచేసేది ఒక్కటే. గుండెలో ఉన్నదీ ఈ ఒక్క స్థానం ఉన్న రూపమే. దీనివల్ల కాల్షియం పెరిగే కొద్దీ బలం పెరిగే గీత వేగపు పోగులో నిటారుగా లేస్తుంది, నెమ్మది పోగులో తక్కువ కాల్షియం దగ్గరే మొదలై వాలుగా సాగుతుంది. కాల్షియం బదులు స్ట్రాన్షియం ఇస్తే తేడా మరీ స్పష్టం. పొర తొలగించిన నెమ్మది పోగు చాలా తక్కువ స్ట్రాన్షియానికే ముడుచుకుంటుంది, వేగపు పోగుకు అంతకన్నా ఎన్నో రెట్లు కావాలి. ఒక్క పోగుతో ప్రయోగం చేసేవాళ్లు జెల్ కోసం ఆగకుండా టైప్ తెలుసుకోవడానికి దీన్ని వాడుకుంటారు.

కాల్షియాన్ని తిరిగి నిల్వ సంచుల్లోకి లాగే పంపు వేగపు పోగుల్లో సెర్కా1, నెమ్మది పోగుల్లో సెర్కా2ఎ. పంపుల సంఖ్య కూడా వేగపు పోగుల్లోనే బాగా ఎక్కువ. ముడుచుకున్న తర్వాత సడలడం త్వరగా జరిగేది అందుకే. ఎలుకల వేగపు పోగుల్లో పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్ కాల్షియాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది. ఆ సంగతిని మనిషి కండరానికి అతికిస్తూ రాసిన నోట్సు కనిపిస్తుంటాయి, అది సరికాదు. ట్రోపోమయోసిన్, మయోసిన్ బైండింగ్ ప్రొటీన్ సి, లైట్ చెయిన్లు అన్నిటికీ ఇలాంటి జంటలే ఉన్నాయి. అవి హెవీ చెయిన్‌తో దాదాపు జట్టుగా నడుస్తాయి గానీ పూర్తిగా కాదు. హెవీ చెయిన్ ఒకటే అయినా లైట్ చెయిన్ల పాళ్లు వేరైతే వేగం కొంత మారుతుంది. ఒకే టైప్ పోగుల్లో కొలతలు చెదురుమదురుగా రావడానికి ఇదీ ఒక కారణం.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే మందపాటి (మయోసిన్) తంతువు పొడవు ఏ టైప్‌లోనైనా 1.6 మైక్రాన్లే. మారేవి అంచులు. ముడుచుకునే ఒక్కో ఘటకానికి హద్దైన జెడ్ గీత వేగపు పోగుల్లో పలుచన, నెమ్మది పోగుల్లో మందం. 30–50 నానోమీటర్ల నుంచి 100 దాటేవరకు తేడా ఉంటుంది. ఘటకం నడుమ ఉండే ఎం గీతలో వేగపు పోగులకు ఎం-ప్రొటీన్ ఉంటుంది, నెమ్మది పోగుల్లో ఉండదు. స్ప్రింగులా సాగే ప్రొటీన్ టైటిన్ కూడా ఒక్కటి కాదు: కుందేలు సోవాస్ (నడుము కండరం)లో పొట్టి రూపం, సోలియస్‌లో పొడుగు రూపం. పొట్టి రూపం ఉన్న కండరం ఊరికే సాగదీసినప్పుడు బిగువుగా ఉంటుంది. వేగపు పోగుల్లో సార్కోప్లాస్మిక్ రెటిక్యులం (కాల్షియం నిల్వ సంచులు), టి-గొట్టాలు (సంకేతాన్ని పోగు లోతుకు తీసుకెళ్లేవి) దట్టంగా అల్లుకుని ఉంటాయి. నెమ్మది పోగుల్లో ఆ చోటును మైటోకాండ్రియా, కొవ్వు బిందువులు తీసుకుంటాయి. ఒక జాగ్రత్త: జెడ్ గీత మందం చూసి టైప్ చెప్పాలంటే కోత సరిగ్గా పొడవు వెంట పడి ఉండాలి. కొంచెం ఏటవాలుగా పడినా పలుచని గీత మందంగా కనిపిస్తుంది. పక్కనున్న తంతువులు పదునుగా, సమాంతరంగా కనిపించని బొమ్మలో ఈ కొలత తీసుకోవద్దు.

జెడ్ గీతలోని ఆల్ఫా-యాక్టినిన్-3 గురించి బయట చాలా హడావుడి ఉంది. ఈ ప్రొటీన్ వేగపు పోగుల్లో మాత్రమే ఉంటుంది. 577వ స్థానంలో ప్రొటీన్ తయారీ ఆగిపోయే జన్యురూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్లలో ఇది అసలుండదు. ప్రపంచంలో సుమారు ఆరుగురిలో ఒకరు అలాంటివాళ్లే. వాళ్లకు జబ్బేమీ రాదు, ఆల్ఫా-యాక్టినిన్-2 ఆ పని చేసుకుపోతుంది. మేటి స్ప్రింటర్లలో ఈ లేమి అరుదన్నది 2003 నాటి పరిశోధనలో బయటపడింది, నిజమే. కానీ దాన్ని పట్టుకుని పదేళ్ల పిల్లవాడికి లాలాజల పరీక్ష చేయించి, పరుగు పందేలా మారథానా అని నిర్ణయించడం డబ్బు దండగ. స్టాప్‌వాచ్ చౌక, పైగా ఎక్కువ చెబుతుంది.

ఇక చేతిపని. ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటి గండం కండరపు ముక్కను గడ్డకట్టించడం. జిల్లా ఆస్పత్రి నుంచి ముక్క ఫార్మలిన్‌లో వచ్చిందంటే ఏటీపేజ్ కథ అక్కడితో ముగిసినట్టే; ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది. సెలైన్‌లో తేలుతూ వచ్చినా నష్టమే, నీరు పీల్చుకుని గడ్డకట్టేటప్పుడు మంచు రవ్వలు లేస్తాయి. సెలైన్‌తో తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డలో చుట్టి, మూతబిగించిన డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మంచులో ఉంచి పంపమని ముందే చెప్పాలి.

ముక్క అర సెంటీమీటరు దాటకూడదు. బిరడా ముక్క మీద ట్రాగకాంత్ జిగురు లేదా ఓసీటీ (ముక్కను అంటించి గడ్డకట్టించే చిక్కని ద్రవం) కొంచెం పెట్టి, పోగులు నిలువుగా నిలబడేలా డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద సరిచూసి అమర్చాలి. ఓసీటీతో ముక్కను పూర్తిగా కప్పేస్తే చలి లోపలికి పోవడం ఆలస్యమవుతుంది, అడుగు పట్టినంత చాలు. లోహపు బీకరులో ఐసోపెంటేన్ పోసి ద్రవ నైట్రోజన్‌లో వేలాడదీయండి. బీకరు అడుగున, గోడల మీద తెల్లగా గట్టిపడటం మొదలై పైన ఇంకా ద్రవం ఉన్నప్పుడు అది సుమారు మైనస్ 160 డిగ్రీల దగ్గరకు వచ్చినట్టు. ముక్కను ఒక్కసారిగా ముంచి 10–15 సెకన్లు కదిలించాలి. నేరుగా ద్రవ నైట్రోజన్‌లో వేయకూడదు. నైట్రోజన్ మరిగి ముక్క చుట్టూ ఆవిరి పొర కడుతుంది, ఆ పొర చలిని అడ్డుకుంటుంది, పోగుల్లో స్విస్ చీజ్‌లా బొక్కలు పడతాయి. వాటిని వాక్యూల్స్ (జబ్బు వల్ల పడే ఖాళీలు) అనుకుని మెటబాలిక్ మయోపతీ (కండరపు శక్తి రసాయనాల లోపం) అని రాసిన రిపోర్టులు ఉంటాయి. అన్ని పోగుల్లోనూ ఒకేలా, అంచుల్లో తక్కువ లోపల ఎక్కువగా బొక్కలుంటే మంచునే అనుమానించండి. నిల్వ మైనస్ 80లో. తనంతట తాను మంచు కరిగించుకునే ఫ్రిజ్‌లో మైనస్ 20 అని పెడితే వేడెక్కి చల్లబడే ప్రతి చుట్టూ ముక్కను పాడుచేస్తుంది.

క్రయోస్టాట్ (చలిలోనే పలుచగా కోసే యంత్రం)లో మైనస్ 20–22 డిగ్రీల దగ్గర 8–10 మైక్రాన్ల కోతలు తీయాలి. ఏటీపేజ్‌కు మూడు వరుసలు పెట్టుకోండి. పీహెచ్ 9.4 లేదా 10.4 దగ్గర నానబెడితే టైప్ 2 అంతా ముదురు, టైప్ 1 లేత. 4.3 దగ్గర తిరగబడుతుంది: టైప్ 1 ముదురు, టైప్ 2 లేత. 4.6 దగ్గర టైప్ 1 ముదురు, 2ఎ లేత, 2ఎక్స్ మధ్యరకం. ఆమ్లంలో ఐదు నిమిషాలు, క్షారంలో 15 నిమిషాలు నానబెట్టడం సాధారణం. తర్వాత కాల్షియం ఉన్న ఏటీపీ ద్రావణంలో పీహెచ్ 9.4, 37 డిగ్రీల దగ్గర 30–45 నిమిషాలు. ఆపైన 1 శాతం కాల్షియం క్లోరైడ్‌లో మూడుసార్లు కడిగి, 2 శాతం కోబాల్ట్ క్లోరైడ్‌లో మూడు నిమిషాలు ఉంచి, బాగా కడిగి, 1 శాతం అమ్మోనియం సల్ఫైడ్‌లో ముంచాలి. జరిగేదేమిటంటే, విడిపోయిన ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి అక్కడే దిగుతుంది, కాల్షియం స్థానంలోకి కోబాల్ట్ వస్తుంది, సల్ఫైడ్ తగలగానే నల్లబడుతుంది. సల్ఫైడ్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. కోబాల్ట్ సరిగా కడగకపోతే స్లైడంతా నల్లటి బురద.

మధ్యరకం ఛాయ రాకపోతే తప్పు 90 పాళ్లు పీహెచ్‌దే. 4.6 అనేది శిలాశాసనం కాదు. 0.05 అటూ ఇటూ అయినా 2ఎక్స్ పోయి 2ఎలో కలుస్తుంది, లేదా రెండూ ముదురెక్కుతాయి. కొత్త లాట్ రసాయనం వచ్చినప్పుడల్లా 4.50 నుంచి 4.65 వరకు మెట్లుగా అదే కండరం మీద పరీక్షించి, ఏది పనిచేస్తే అది సీసా మీద రాసుకోవాలి. పీహెచ్ మీటరును అదే రోజు 4, 7 బఫర్లతో సరిచేయాలి. పద్ధతుల్లో గది ఉష్ణోగ్రత అని రాస్తే వాళ్ల ఉద్దేశం 20–25 డిగ్రీలు. మే నెలలో ఏసీ ఆగిన ల్యాబులో 36 డిగ్రీల దగ్గర అదే ఐదు నిమిషాలు నానబెడితే ఆమ్లం ఎక్కువ ఎంజైమ్‌ను చంపేస్తుంది. మనిషికి కుదిరిన పీహెచ్ ఎలుకకు కుదరదు, దాన్ని విడిగా పట్టుకోవాల్సిందే.

యాంటీబాడీలతో పని ఇప్పుడు దీనికన్నా తేలిక. టైప్ 1కు బీఏ-ఎఫ్8, 2ఎకు ఎస్‌సీ-71, 2ఎక్స్‌కు 6హెచ్1, ఎలుకల్లో 2బికి బీఎఫ్-ఎఫ్3 వాడతారు. మొదటిది ఐజీజీ2బి, రెండోది ఐజీజీ1, చివరి రెండూ ఐజీఎం తరగతివి. అందుకే ఒకే స్లైడ్ మీద మూడింటిని కలిపి వేసి, తరగతినిబట్టి మూడు రంగుల సెకండరీలతో (మొదటి యాంటీబాడీని పట్టుకుని మెరిసే రెండో యాంటీబాడీలతో) వేరుచేయవచ్చు. ఇక్కడ అందరూ జారేది ఒక్కచోటే. సీసా మీద యాంటీ-మౌస్ ఐజీజీ హెచ్ ప్లస్ ఎల్ అని ఉన్న సెకండరీ పోస్తే అది మూడింటినీ పట్టుకుంటుంది, అన్ని పోగులూ హైబ్రిడ్‌లా (ఒకే పోగులో రెండు మూడు రకాల మయోసిన్ ఉన్నట్టు) మెరుస్తాయి. గామా1, గామా2బి, మ్యూ అని తరగతి స్పష్టంగా రాసి ఉన్నవే కొనాలి. కోతలను ఫార్మాల్డిహైడ్‌లో పెట్టకండి. మనిషి కండరంలో ఎస్‌సీ-71 మసకగా 2ఎక్స్‌ను కూడా అంటుతుంది. ఆ మసకను 2ఎ కింద లెక్కేస్తే 2ఎక్స్ మాయమవుతుంది. మనిషి ముక్క మీద బీఎఫ్-ఎఫ్3 వెలిగితే సంబరపడకుండా నెగెటివ్ కంట్రోల్ (మొదటి యాంటీబాడీ వేయని కోత) చూడండి. పోగుల హద్దు కోసం, పోగు చుట్టూ ఉండే ప్రొటీన్ లామినిన్‌కు యాంటీబాడీ వేసుకోవడం మరవద్దు, వైశాల్యం కొలవడానికి అదే ఆధారం.

జెల్ మీద హెవీ చెయిన్లను విడదీయడం ఓపిక పని. బరువులో తేడా నామమాత్రం కాబట్టి మామూలు 10 శాతం జెల్‌లో అన్నీ ఒకే పట్టీగా దిగుతాయి. 8 శాతం యాక్రిలమైడ్, దానికీ బిస్‌కూ (జెల్‌ను అల్లే రసాయనం) నిష్పత్తి 50కి 1, అందులో 30 శాతం గ్లిసరాల్. పై జెల్ 4 శాతం. మినీ జెల్‌ను 70 వోల్టుల దగ్గర చల్లటి గదిలో 24 గంటలు నడపాలి. పై బఫర్‌ను కింది దానికన్నా చిక్కగా చేసి, అందులో కొంచెం మెర్కాప్టోఇథనాల్ కలిపితే పట్టీలు పదునెక్కుతాయి. మనిషి కండరంలో పైనుంచి కిందికి 2ఎ, 2ఎక్స్, 1 వరుస. ఎలుకలో 2ఎక్స్‌కు, 1కి మధ్య 2బి వస్తుంది. ఎలుక డయాఫ్రమ్ సారాన్ని పక్క బావిలో వేసుకుంటే వరుస పోల్చుకోవడం సులువు. 2ఎ, 2ఎక్స్ అంటుకుపోయాయంటే చాలాసార్లు ప్రొటీన్ ఎక్కువ పోసినట్టే. సగానికి తగ్గించి మళ్లీ నడపండి.

మొత్తం కండరాన్ని నూరి జెల్ మీద పెడితే వచ్చేది ప్రొటీన్ వాటా. రెండు రకాలూ ఒకే పోగులో ఉన్నాయా, వేరువేరు పోగుల్లో ఉన్నాయా అన్నది అది చెప్పదు. ఈ హైబ్రిడ్ పోగులే మార్పు జరుగుతున్న చోటుకు సాక్ష్యం. మార్పు 1, 2ఎ, 2ఎక్స్, 2బి అన్న వరుసలో పక్కింటికే జరుగుతుంది, దూకుళ్లు అరుదు. నరం మారిస్తే పోగు మారుతుందని 1960లో బుల్లర్, ఎకిల్స్‌లు నెమ్మది, వేగపు కండరాల నరాలను ఒకదానికొకటి మార్చి కుట్టి చూపించారు. వ్యాయామంతో మనుషుల్లో తేలిగ్గా కదిలేది 2ఎక్స్–2ఎ సరిహద్దు. మూడు నెలల బరువుల శిక్షణలో 2ఎక్స్ వాటా 9 శాతం నుంచి 2కి పడిపోయి, మానేసిన మూడు నెలలకు 17కి ఎగబాకిందని 2000లో ఆండర్సన్, ఆగార్డ్ ప్రచురించారు. మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ! వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కాళ్లలోనూ చివరికి 2ఎక్స్ వైపే మొగ్గు. అంటే 2ఎక్స్ అనేది కష్టపడి సంపాదించే ‘పేలుడు శక్తి’ అని జిమ్ ట్రైనర్లు చెప్పేదానికి విరుద్ధంగా, వాడకం తగ్గితే కండరం జారుకునే వైపు అది.

లెక్కపెట్టేటప్పుడు కనీసం రెండు మూడు వందల పోగులైనా ఉండాలి, అవీ ఒకే కట్టలోంచి కాకుండా. నరం తెగి మళ్లీ అతుక్కున్న కండరంలో ఒకే టైప్ పోగులు గుంపులుగా చేరతాయి. అలాంటి గుంపు మీద పడితే 90 శాతం టైప్ 1 అని రాసేస్తాం. సంఖ్య శాతం, వైశాల్య శాతం రెండూ విడివిడిగా ఇవ్వాలి. సంఖ్యలో చెరిసగం ఉండి, టైప్ 1 సగటు అడ్డుకోత 4,000 చదరపు మైక్రాన్లు, టైప్ 2ది 5,000 అయితే వైశాల్యంలో టైప్ 1 వాటా 44 శాతమే. స్టెరాయిడ్లు వాడి టైప్ 2 సన్నబడిన రోగిలో ఇది తలకిందులవుతుంది: సంఖ్య అదే సగం, టైప్ 2 సగటు 2,000కు పడిపోతే టైప్ 1 వాటా 67 శాతం. ఆ కండరంలో ఒక్క పోగూ టైప్ మార్చుకోలేదు.